తెలియని చోట దేవుణ్ణి దాచొద్దు

తల్లీ,

ప్రభువు నామమున శుభములు. "మొదటి జీవకణం ఎలా పుట్టిందో సైన్స్ ఈరోజుకీ చెప్పలేకపోతోంది, సృష్టికర్త ఉన్నాడనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి" అని యూత్ మీటింగులో అన్నారని, అదే మాట క్లాసులో అంటే నవ్వారని రాశావు. చెప్పలేకపోతోందన్నది నిజమే. అది రుజువన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ వాదన చివరికి విశ్వాసానికే చేటు తెస్తుంది.

ముందు చిక్కు విప్పుకో. అందరూ ఒక్కటిగా కలిపేసి కొట్లాడుకునే ఈ విషయంలో నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. భూమి వయసెంత? జీవం ఎలా మొదలైంది? మొదలైన జీవం నుంచి ఇన్ని జాతులు ఎలా వచ్చాయి? మనిషిలో దేవుని స్వరూపం, పాపం సంగతేమిటి? డార్విన్ 1859లో పుస్తకం వేసింది మూడోదాని గురించి. రెండోది తేలలేదు కాబట్టి మూడోది అబద్ధం అనడం కుదరదు. మూడోది తేలింది కాబట్టి నాలుగోది కట్టుకథ అనడమూ కుదరదు, నవ్వినవాళ్లకి ఈ మాట చెప్పు. క్రైస్తవుల్లో భూమికి ఆరు నుంచి పదివేల ఏళ్లే అనేవాళ్లున్నారు. వయసు కోట్ల ఏళ్లే గానీ జాతుల్ని దేవుడు విడివిడిగా చేశాడనేవాళ్లున్నారు. పరిణామమే ఆయన పనితీరు అనేవాళ్లూ ఉన్నారు. మనిషి జన్యువుల పటాన్ని మొత్తం చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఈ చివరి రకం.

వయసు గురించి ఎక్కువ రాయను, కానీ ఒక తప్పు మాత్రం నీ నోట రాకూడదు. "కార్బన్ డేటింగ్ నమ్మలేం కాబట్టి డైనోసార్ల వయసు తప్పు" అంటుంటారు. ఆ పద్ధతిలో కొలిచే కార్బన్-14 అర్ధజీవిత కాలం, అంటే అది సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. దాదాపు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి మిగిలేది ఏమీ ఉండదు, అందుకే డైనోసార్ల వయసు తేల్చడానికి దాన్ని వాడరు. ఆ శిలాజాలకు పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిద పొరల్లో జిర్కాన్ అనే ఖనిజం స్ఫటికాలు వెతుకుతారు. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపల కనిపించే సీసం యురేనియం క్షీణించగా వచ్చిందే. యురేనియం-238 సగం అవడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి 70 కోట్ల ఏళ్లు. ఒకే రేణువులో రెండు లెక్కలూ ఒకే వయసు చూపాలి. సీసం బయటికి కారిపోయి ఉంటే రెండూ కలవవు, అంటే తప్పు దానంతట అదే బయటపడుతుంది. ఈ పద్ధతి తెలియకుండా విమర్శకు దిగకు.

మరి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్న లెక్క? ఆర్చిబిషప్ అషర్ 1650లో వంశావళులు కూడి వేసిన తేదీ అది. తన కాలానికి ఆయన గొప్ప పండితుడు, వెక్కిరించాల్సిన మనిషి కాడు. కానీ బైబిలు వంశావళులు క్యాలెండరు కోసం రాసినవి కావు. మత్తయి 1:8లో యెహోరాము ఉజ్జియాను కనెనని ఉంటుంది. 1 దినవృత్తాంతములు 3 తెరిచి చూడు, మధ్యలో అహజ్యా, యోవాషు, అమజ్యా ముగ్గురూ ఉన్నారు. ఆదికాండము 5లో వయసులు కూడా ఇచ్చారు కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అయితే షేతు పుట్టేనాటికి ఆదాముకు హెబ్రీ ప్రతిలో 130 ఏళ్లు, ప్రాచీన గ్రీకు అనువాదంలో 230 ఏళ్లు. ప్రతికీ ప్రతికీ మారే అంకెల మీద తేదీ ఎలా కట్టగలం?

ఇక నీ అసలు ప్రశ్న. జీవం లేనిదాని నుంచి జీవం వచ్చిందనడమే దైవద్రోహం అన్నట్టు ఇప్పుడు మాట్లాడతారు. పాతకాలపు సంఘ పండితులకు ఆ భయమే లేదు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, ఆనాటి అందరిలాగే, కుళ్లినదాంట్లోంచి పురుగులు పుడతాయనే అనుకున్నాడు. అందువల్ల సృష్టికర్త అక్కర్లేదని ఆయనకు తోచలేదు. ఆదికాండము 1:24లో "భూమి పుట్టించుగాక" అనే కదా ఉంది!

18వ శతాబ్దంలో దీని మీద గట్టిగా తలపడిన ఇద్దరూ కేథలిక్ ఫాదర్లే. నీడ్‌హమ్ మాంసం రసాన్ని కాచి, సీసాలో పోసి బిరడా బిగించాడు. కొన్ని రోజులకు అందులో సూక్ష్మజీవులు కనిపించాయి, జీవం దానంతట అదే పుట్టిందన్నాడు. బిరడా చాలదన్నాడు స్పల్లాంజానీ. గాజు మెడనే కరిగించి మూసి, చాలాసేపు మరిగించాడు. ఏమీ పుట్టలేదు. "మరీ కాచి గాలిలోని జీవశక్తిని పాడుచేశావు" అని నీడ్‌హమ్ జవాబు. ఆ అభ్యంతరాన్ని తీర్చింది 1860 ప్రాంతంలో పాశ్చర్. సీసా మెడను హంస మెడలా వంచి, కొస తెరిచే ఉంచాడు. గాలి లోపలికి వెళ్లింది, దుమ్ము వంపులోనే ఆగింది, రసం చెడలేదు. సీసాను ఒరిగించి రసాన్ని ఆ దుమ్ముకు తగలనిస్తే చెడిపోయింది.

పాశ్చర్ తేల్చింది అంతవరకే. కాచిన రసంలో, నేటి పరిస్థితుల్లో, జీవం దానంతట అది పుట్టదు. దాదాపు 400 కోట్ల ఏళ్ల కిందట, గాలిలో ఆక్సిజన్ లేనంత తక్కువగా ఉన్నప్పుడు, ఏం జరిగిందో ఆ సీసా చెప్పదు. "పాశ్చరే పరిణామాన్ని కొట్టేశాడు" అని ఎవరైనా స్లైడు వేస్తే ఈ తేడా అడుగు.

అవతలివాళ్ల గొప్పలూ అంతే జాగ్రత్తగా చూడు. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి ఉన్న గాజు పరికరంలో విద్యుత్ మెరుపులు పుట్టిస్తే అమైనో ఆమ్లాలు వచ్చాయి. అవి ఇటుకలు, ఇల్లు కాదు. తొలి భూమి గాలి అలాంటిది కాకపోవచ్చని తర్వాత చాలామంది అన్నారు. అయినా 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలోనూ అమైనో ఆమ్లాలు దొరికాయి. జన్యు సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏ అణువు తానే ఎంజైములా, అంటే రసాయన చర్యల్ని నడిపేదానిలా, పనిచేయగలదని చూపినందుకు శాస్త్రవేత్తలు థామస్ చెక్, ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. సమాచారం, పొర, శక్తి, ఈ మూడూ కలిసి కణంగా ఎలా కుదురుకున్నాయన్నది ఇంకా తేలలేదు. ఖాళీ పెద్దదే, కానీ అంచులు పూడుతున్నాయి.

ఆ ఖాళీలో దేవుణ్ణి నిలబెడితే ప్రతి పరిశోధన ఆయనకు చోటు తగ్గించేదే అవుతుంది. 139వ కీర్తన తీసుకో: "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." అండం, శుక్రకణం కలిసిన దగ్గర్నుంచి పిండం ఎలా పెరుగుతుందో నీ పాఠ్యపుస్తకంలో వారాలవారీగా ఉంది. అది చదివాక ఆ కీర్తన అబద్ధమని ఏ విశ్వాసీ అనడు. పిండం విషయంలో ఇంత నిశ్చింతగా ఉన్నవాళ్లం మొదటి కణం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కంగారుపడాలి? ఎలా జరిగిందో తెలిసినంత మాత్రాన చేసినవాడు లేకుండా పోడు. తెలియనంత మాత్రాన ఉన్నట్టు రుజువు కాదు. అసలు ఏదైనా ఎందుకు ఉంది, ఈ నియమాలు ఎందుకు నిలకడగా ఉన్నాయి అన్నదే సృష్టి సిద్ధాంతం మాట్లాడే విషయం, నీ క్లాసులో కూడా అదే మాట్లాడు.

నిజంగా కష్టమైనది నాలుగోదాంట్లోని ఆదాము ప్రశ్న, మనుషులందరూ ఆ ఒక్కడి సంతతేనా అన్నది. గత కొన్ని లక్షల ఏళ్లలో మన పూర్వీకుల సంఖ్య ఇద్దరికి పడిపోయిన జాడ లేదని, వేలల్లోనే ఉందని జన్యుశాస్త్రం లెక్క. రోమా 5లో పౌలు "ఒక మనుష్యుని" ద్వారా పాపం వచ్చిందంటాడు. 1950లో పోప్ 12వ పయస్ శరీరం పుట్టుక మీద పరిశోధనకు అభ్యంతరం లేదన్నాడు, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృజిస్తాడన్నాడు, మొదటి తల్లిదండ్రులు అనేకమంది అన్నదాన్ని ఒప్పుకోలేదు. చాలామందిలోంచి దేవుడు ప్రతినిధిగా ఎంచుకున్నవాడు ఆదాము అని కొందరంటారు, నా మొగ్గు కొంత అటే. కానీ అప్పుడు ఆదాము సంతతి కాని మిగతావాళ్లకు పాపం ఎలా సంక్రమించింది అన్నదానికి తృప్తిగా జవాబు రాదు. రోమా 5:12 నుంచి 21 వరకు, 1 కొరింథీయులకు 15వ అధ్యాయంతో కలిపి చదివి, నీకేమనిపించిందో రాయి.

ప్రేమతో,
నాన్న