ఏ దాల్చిన నూనె?

సంపాదకులకు,

దాల్చిన నూనె మూడు చుక్కలు చెంచాడు కొబ్బరినూనెలో కలిపి మోకాళ్లకు రాసుకోమని మీ ఆరోగ్య పేజీలో రాశారు. చెట్టులో ఏ భాగం నుంచి తీసిన నూనో చెప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే.

బెరడు నూనెలో సగానికి పైగా, ఒక్కోసారి ముప్పావు వంతు దాకా సిన్నమాల్డిహైడ్ ఉంటుంది. దాల్చినచెక్క కొరికితే తగిలే తియ్యటి ఘాటు దానిదే. ఆకు నూనెలో 70 నుంచి 85 శాతం యూజినాల్. లవంగ నూనెలో ఉండేదీ అదే కనుక ఆకు నూనె సీసా మూత తీస్తే పళ్ల డాక్టరు గది గుర్తొస్తుంది. దాల్చినచెక్కను లవంగపట్ట అనేవాళ్లున్నారు. ఆ పేరు ఈ ఆకు నూనెకే బాగా నప్పుతుంది! వేరు బెరడు నూనెలోనైతే ఎక్కువగా ఉండేది కర్పూరం.

శ్రీలంకలో చెక్క ఒలిచాక మిగిలిన ఆకులు, రెమ్మలనే బట్టీ పెట్టి ఆకు నూనె తీస్తారు. అందుకని ఆకు నూనె చవక, బెరడు నూనె దానికి ఎన్నో రెట్ల ఖరీదు. ఆకు నూనెలో కృత్రిమ సిన్నమాల్డిహైడ్ పోసి బెరడు నూనెగా అమ్మడం ఈ వ్యాపారంలో పాత విద్యే. చైనా కాసియా నూనె మరో రకం, అది దాల్చిన జాతిలోనే వేరే చెట్టుది. దానిలో సిన్నమాల్డిహైడ్ ఇంకా ఎక్కువ, పైగా ఎక్కువైతే కాలేయాన్ని దెబ్బతీసే కొమారిన్ కూడా ఉంటుంది.

ఇక మోతాదు. ఒంటికి రాసుకునే దానిలో బెరడు నూనె 0.07 శాతం, ఆకు నూనె 0.6 శాతం దాటకూడదని సుగంధ తైలాల నిపుణులు పెట్టుకున్న హద్దు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు బెరడు నూనె ఒక్క చుక్క. రెండోది వేస్తే హద్దు దాటినట్టే. ఆకు నూనైతే పన్నెండు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. మీరు చెప్పిన మూడు చుక్కలు దానిలో 3 శాతం అవుతాయి, అంటే బెరడు నూనెకు హద్దు మీద నలభై రెట్లు పైనే. చర్మం ఎర్రబడి మండుతుంది. అంతకన్నా చెడ్డది, సిన్నమాల్డిహైడ్ ఒకసారి ఎలర్జీ తెచ్చిపెడితే ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. మంట పుడితే వట్టి నీళ్లు చాలవు, ఈ నూనె నీళ్లలో కరగదు. కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. స్నానపు బకెట్లో చుక్కలు వేయడమూ ఇందుకే తప్పు.

కడుపులోకి అసలే వద్దు, రక్తం పలచబడే మందులు వాడేవారు మరీను. కూరకు రుచి కావాలంటే చెక్క ఉంది కదా.

కొనేటప్పుడు ఒక పరీక్ష. గ్లాసు నీళ్లలో చుక్క వేసి కలపండి. బెరడు నూనె, ఆకు నూనె రెండూ నీటికన్నా బరువు, అడుగుకు దిగాలి. కలిపినా పైనే తేలుతుంటే వేరే నూనె కలిసిందని అనుమానించాలి. కృత్రిమ సిన్నమాల్డిహైడ్ కూడా మునుగుతుంది కాబట్టి ఆ కల్తీ మాత్రం ఇంట్లో దొరకదు. చీటీ మీద వట్టి ‘సిన్నమన్ ఆయిల్’ అని ఉంటే వదిలేయండి. వృక్షశాస్త్ర నామం, బెరడో ఆకో రెండూ రాసి ఉండాలి.

ముదురు రంగు గాజు సీసాలో నిండుగా ఉంచాలి. సగం ఖాళీ సీసాలో గాలి తగిలి సిన్నమాల్డిహైడ్ సిన్నమిక్ ఆమ్లంగా మారుతుంది. రబ్బరు డ్రాపర్ మూతతో నిలవ పెడితే రబ్బరు మెత్తబడి నూనెలోకే దిగుతుంది.

— సుగంధ తైలాల పనిలో ఉన్న పాఠకుడు, రాజమహేంద్రవరం