వినకుండానే మూసేసిన ఫిర్యాదు

సర్వీసు విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మా వర్క్‌షాపులో ఉన్న మీ బ్యాండ్ సా (లోహపు కడ్డీలు కోసే పట్టీ రంపం మిషను) మీద నేను ఇచ్చిన ఫిర్యాదు పరిష్కారమైందని నిన్న నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు వచ్చారు? ఆ సందేశం చదివే సమయానికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మూడు వారాలుగా అది అలాగే ఉంది. యంత్రం అన్నాక చెడుతుంది, బాగు చేసుకుంటాం. దానికి నాకు కోపం లేదు. కానీ ఏడు వారాలుగా ఒకే మాట చెబుతుంటే మీ వైపు నుంచి ఒక్కరూ దాన్ని చివరిదాకా వినలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సమస్య చిన్నదే. కోత వంకర పోతోంది. 100 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీని కోసి, ఆ ముఖానికి మూలమట్టం ఆనిస్తే కింది అంచు దగ్గర సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. దాదాపు 2 మిల్లీమీటర్ల తేడా. కోసిన ప్రతి ముక్కనూ మళ్ళీ లేత్ మీద పెట్టి సరిచేసుకోవలసి వచ్చేది.

మొదటిసారి ఫోను చేసినప్పుడు మీ ఉద్యోగిని మిషను నంబరు, కొన్న సంవత్సరం అన్నీ రాసుకుని, బ్లేడు అరిగి ఉంటుంది, మార్చండి అన్నారు. మార్చిన తర్వాతే ఫోను చేశానమ్మా అన్నాను. కొత్త పళ్ళు చిట్లకుండా మొదటి కోతలన్నీ సగం ఒత్తిడితోనే కోశామని చెప్పబోతుండగానే, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి ఫోను పెట్టేశారు. రెండోసారి మరొకరు. మళ్ళీ మిషను నంబరు, మళ్ళీ మొదటి నుంచి కథ. బ్లేడు టెన్షన్ (బిగువు) చూసుకోండి అన్నారు. గేజి పెట్టి చూశాం, మీ పుస్తకంలో ఉన్న అంకె దగ్గరే ఉంది. మూడోసారి ఒక అబ్బాయి, కోతను చల్లబరిచే కూలెంటు ద్రవం పలచబడి ఉంటుందన్నాడు. కొలిచాం బాబూ, 8 శాతం ఉంది, రజను కూడా వెండిరంగులో చుట్టలు చుట్టుకుని పడుతోంది, ఒత్తిడి ఎక్కువైతే నీలంగా మాడేది, తక్కువైతే పొడిగా రాలేది అని వివరించాను. కోతలో రాలే లోహపు తునకలనే రజను అంటారని కూడా తెలియక, రజను అంటే ఏమిటండీ అని అడిగాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. కోసే మిషనును ఒక్కసారైనా చూపించకుండా అతన్ని ఫోను ముందు కూర్చోబెట్టినవారిని తప్పుపడతాను.

నాలుగో వారంలో మీ టెక్నీషియన్ వచ్చారు. బ్లేడును తిన్నగా పట్టి ఉంచే గైడ్లు విప్పి చూడండి, లోపం అక్కడే ఉందని నా అనుమానం అని రెండుసార్లు చెప్పాను. ఆయన ఒక చేత్తో ఫోను మాట్లాడుతూనే రెండో చేత్తో టెన్షన్ చక్రాన్ని ఇంకా బిగించారు. ఇప్పటికే సరిగా ఉందండీ అంటే, బిగువుంటే తిన్నగా పోతుంది అన్నారు. మూడో కోత సగంలో ఉండగా బ్లేడు తెగిపోయింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. మిషను తలుపులు వేసి ఉండబట్టి, మా ఆపరేటరు బ్లేడు తిరిగే వరుసలో నిలబడే మనిషి కాడు కాబట్టి ఎవరికీ దెబ్బ తగలలేదు. మీ టెక్నీషియన్ మాత్రం కాగితం మీద ‘బ్లేడు నాణ్యత లోపం’ అని రాసి, సంతకం చేసి వెళ్ళారు. ఆ బ్లేడు మీ కంపెనీ దగ్గర కొన్నదే.

ఆ సాయంత్రం గైడ్లు మేమే విప్పాం. కదలని వైపు గైడులో కార్బైడు ముక్కలు ఒక పక్కకు అరిగిపోయాయి. కొత్తవి బిగించినా నిలవడం లేదు, ఎందుకంటే బోల్టు పట్టే మరలు గైడు బ్లాకులోనే అరిగిపోయాయి. బ్లేడును వేలితో తోస్తే పక్కకు జరుగుతోంది. పట్టు లేని బ్లేడు తిన్నగా ఎలా కోస్తుంది? ఆ బ్లాకు కావాలని విడిభాగాల విభాగాన్ని అడిగితే సర్వీసువాళ్ళు రాసివ్వాలన్నారు. సర్వీసువాళ్ళను అడిగితే ఫిర్యాదు మూసేశాం, కొత్తది పెట్టుకోండి అన్నారు. కొత్తది పెడితే, బ్లేడు మార్చి చూశారా అని మళ్ళీ అదే ప్రశ్న.

పదకొండేళ్ళ క్రితం మొదటి మిషను మీ దగ్గరే కొన్నాం. ఇప్పుడు మూడు ఉన్నాయి. మమ్మల్ని చూసి మరో రెండు వర్క్‌షాపులవారు మీ మిషన్లే కొన్నారు. గేరుబాక్సు నూనె ఎప్పుడు మార్చాం, రజను ఊడ్చే బ్రష్షు ఎప్పుడు వేశాం, అన్నీ తేదీలతో సహా నోటుపుస్తకంలో ఉన్నాయి. మిషనును ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళు చెప్పే మాటకు మీ దగ్గర ఈపాటి విలువ కూడా లేదా?

గైడు బ్లాకు పంపండి. బిగించే మనిషి ముందు నేను చెప్పేది పూర్తిగా వినాలి. మూసేసిన ఫిర్యాదును తెరిచి, ఎవరు ఎందుకు మూశారో మీ సంతకంతో రాసి పంపండి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత లాయరు నోటీసు వస్తుంది, మా మూడు మిషన్లకూ బ్లేడ్లు వేరేచోట కొంటాం, ఆ రెండు వర్క్‌షాపులవారికీ జరిగినదంతా నేనే వెళ్ళి చెబుతాను.

తెగిన బ్లేడు, మీ టెక్నీషియన్ సంతకం చేసిన కాగితం నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
పదకొండేళ్ళుగా మీ కొనుగోలుదారు