ఆ రెండు బిట్లు ఎక్కడికి పోయాయి?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. డిసెంబరు గడువులన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడ్డాయి. ఆ తరువాత కొంతకాలం కలం పట్టుకోవాలనే అనిపించలేదు. నువ్వు అడిగిన సంగతులు ముందుగా చెప్పేస్తాను. ఆరోగ్యం బాగుంది. ట్రాన్స్‌క్రిప్టులు వెళ్లాయి, మూడు సిఫారసు లేఖలూ గడువులోపే చేరాయి. జీఆర్ఈ గురించి నువ్వు బెంగ పెట్టుకోనక్కరలేదు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష రెండు గంటల లోపే ముగుస్తోంది, పైగా ఎం.ఐ.టి. ఈఈసీఎస్ (ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్) విభాగం లాంటివి ఆ స్కోరును అడగనే అడగవు. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఎవరికైనా చెప్పాలి, నీకు కాక ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

పీహెచ్‌డీకి దరఖాస్తు చేసిన ఒక విశ్వవిద్యాలయం నుంచి, అనలాగ్, డిజిటల్ రెండూ కలిసిన మిశ్రమ సంకేతాల సర్క్యూట్ల మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ గారు వీడియోలో మాట్లాడదామని మెయిల్ పంపారు. మార్కుల గురించి, భవిష్యత్ ప్రణాళిక గురించి, వాళ్ల విభాగాన్నే ఎందుకు ఎంచుకున్నానన్న దాని గురించి అడుగుతారని జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె నమస్కారం చెప్పి, నా ఎస్.ఓ.పి.ని, అంటే దరఖాస్తుతో పంపిన ఉద్దేశ పత్రాన్ని, తెర మీద తెరిచి, నేరుగా రెండవ పేరాకు, అనలాగ్ సంకేతాన్ని డిజిటల్ అంకెలుగా మార్చే మన ఏడీసీ చిప్ గురించి రాసిన చోటుకు, వెళ్లారు. "12 బిట్ల ఏడీసీ నుంచి 10 బిట్లే వచ్చాయని రాశారు. ఆ రెండు బిట్లు ఎక్కడికి పోయాయి?" అని అడిగారు. అంతే, ఆ తరువాత సంభాషణ అంతా ఆ రెండు బిట్ల చుట్టూనే నడిచింది.

ఆ వాక్యాన్ని తీసేయమని ఎంతమంది సలహా ఇచ్చారో నీకు తెలుసు. ఎస్.ఓ.పి.లో విజయాలే కనిపించాలి, తక్కువ వచ్చిన ఫలితాన్ని మనంతట మనమే ఎందుకు చూపాలి అన్నారు. ఉంచమన్నవాడివి నువ్వొక్కడివే. అందుకే ఈ ఉత్తరం మీద నీకు హక్కుంది.

ఆమెకు చెప్పినదాన్ని నీకూ వరుసగా చెబుతాను. 12 బిట్ల ఆదర్శ కన్వర్టర్‌లో, విలువలను దగ్గరి అంకెకు సర్దడం వల్ల వచ్చే క్వాంటైజేషన్ రొద ఒక్కటే ఉంటుంది. అప్పుడు సంకేతానికీ రొదకూ మధ్య నిష్పత్తి, అంటే 12ను 6.02తో గుణించి 1.76 కలిపితే వచ్చేది, 74 డెసిబెల్స్. మన చిప్‌కు 10 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చింది 62. ఒక్కో బిట్‌కు ఆరు డెసిబెల్స్ చొప్పున చూస్తే సరిగ్గా రెండు బిట్లు తగ్గినట్టే. మొదటి అనుమానం క్లాక్ మీదకు పోవడం సహజం. ఆ క్లాక్‌ను ఇచ్చే, బోర్డు మీది ఆసిలేటర్ జిట్టర్, అంటే దాని సమయపు తడబాటు, 10 పికోసెకన్లు. నమూనా తీసుకునే క్షణం అంత అటూ ఇటూ కదిలితే, వేగంగా మారే సంకేతం మీద ఆ కదలిక నేరుగా వోల్టేజీ పొరపాటుగా మారుతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క కారణంతోనే నిష్పత్తి 64 డెసిబెల్స్‌కు పడిపోతుంది.

"అది జిట్టరే అని ఎలా నమ్మాలి?" అని ఆమె అడిగారు. ఇన్‌పుట్‌ను 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే జిట్టర్ పరిమితి 20 డెసిబెల్స్ పైకి జరిగి 84కు చేరుతుందని, అప్పుడు అది అడ్డంకి కాదని, మా కొలతలో ఆ పౌనఃపున్యం దగ్గర 70 వచ్చిందని చెప్పాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "జిట్టర్, క్వాంటైజేషన్ రొద రెండింటి శక్తినీ కలిపితే 63.6 దగ్గర ఆగాలి. మీకు వచ్చింది 62. మిగిలినది ఏది?" అన్నారు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. నువ్వూ నేనూ ప్రయోగశాలలో ఏడో బల్ల దగ్గర కూర్చుని వాదించుకున్న ప్రశ్నే అది, అక్షరం కూడా మారలేదు! ఉష్ణ రొద కొంత ఉంది గాని, 1 మెగాహెర్ట్జ్ కొలతను బట్టి చూస్తే దాని వాటా చిన్నదే. మిగిలినదంతా వక్రీకరణ, అంటే సంకేతం ఆకారం చెడడం, ముఖ్యంగా ఇన్‌పుట్ పౌనఃపున్యానికి మూడు రెట్ల దగ్గర పుట్టే మూడవ హార్మోనిక్. అదెక్కడ కనిపించిందని అడిగారు. నమూనా రేటు 48 మెగాహెర్ట్జ్ కాబట్టి 30 దగ్గర ఉండవలసిన హార్మోనిక్, ఆ రేటులో సగాన్ని దాటినందువల్ల, మడత పడి 18 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించిందని, ఇన్‌పుట్‌ను ఒక డెసిబెల్ తగ్గించినప్పుడు అది దాదాపు మూడు డెసిబెల్స్ తగ్గిందని చెప్పాను. సిగ్నల్ జనరేటర్ నుంచే ఆ వక్రీకరణ వచ్చి ఉండవచ్చు కదా అన్నారు. మధ్యలో బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టామన్నాను. ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న విను: "గ్రౌండు ఎలా ఇచ్చారు?" ఎప్పుడూ నువ్వడిగే ప్రశ్నే కదా, నాకు నీ గొంతే వినిపించింది. నవ్వాపుకోవడానికి ఎంత కష్టపడ్డానో నువ్వే ఊహించుకో. ఇకమీదట ఆ మాట అన్నందుకు నిన్నెవరూ ఏమీ అనకూడదు.

ఈ సంభాషణకు కొద్ది రోజుల ముందు నేను చేసిన ఒక పని ఎంతో ఉపయోగపడింది, నువ్వూ చేసి తీరాలి. బోరిస్ ముర్మన్ అనే ఆచార్యుడు 1997 నుంచి ఐఎస్ఎస్‌సీసీ, వీఎల్ఎస్ఐ సింపోజియం అనే చిప్‌ల సదస్సులలో వెలువడిన ఏడీసీల వివరాలన్నీ ఒక పట్టికగా సమకూర్చి, ఎవరైనా వాడుకునేలా ఉంచారు. అందులో ఒక గ్రాఫ్ మీద జిట్టర్ పరిమితులు ఏటవాలు గీతలుగా ఉంటాయి. మన చిప్‌ను ఆ గ్రాఫ్ మీద ఒక చుక్కగా పెట్టి చూశాను. మంచి చిప్‌లకు అది చాలా దూరంలో ఉంది. అయితే ఎందుకు దూరంలో ఉందో ఆ గీతలే చెబుతాయి. ఆ దూరం చూసి మొదట మనసు కుంగింది. కాసేపటికి, ఇదే గదా నేను వెళ్లి నేర్చుకోవలసినది అనిపించింది.

చివరి భాగంలో ఆమె తన బృందం పని గురించి చెప్పారు. వక్రీకరణ ప్రతిసారీ ఒకే తీరుగా వస్తుంది గనుక దాన్ని కొలిచి, డిజిటల్ వైపు సరిదిద్దవచ్చు. జిట్టర్ యాదృచ్ఛికం గనుక అలా కుదరదు, దాన్ని పుట్టిన చోటే తగ్గించాలి. అనేక ఏడీసీలను వంతులవారీగా నడిపి వేగం పెంచే పద్ధతిలో ఈ రెండు బాధలూ కలిసి వస్తాయి, వాటి మధ్య సమయపు తేడాలు అదనం. అది వింటూ ఉంటే, ఐదారేళ్లు ఈ ఒక్క విషయం మీద గడపవలసి వచ్చినా నాకు సంతోషమేనని నిజంగా అనిపించింది. ఇంతకుముందు ఎవరైనా "ఎందుకు పీహెచ్‌డీ?" అంటే ఎక్కడో చదివిన జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే...

సరే. ఆమె ఏ మాటా ఇవ్వలేదు. నిర్ణయం కమిటీది అన్నారు. ఆనాటి నుంచి ఏ కబురూ లేదు. రాత్రిళ్లు మెయిల్ తెరిచి చూడడం అలవాటైపోయింది. ఒకవేళ రాకపోతే ఈ ఏడాదంతా ఏం చేయాలన్న ఆలోచన వస్తే గొంతు పట్టేస్తుంది, ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకటి మాత్రం మంచిది. ఏప్రిల్ 15 ఒప్పందంలో సంతకం చేసిన అమెరికా విశ్వవిద్యాలయాలు, ఫెలోషిప్ గాని అసిస్టెంట్‌షిప్ గాని ఇస్తామన్నప్పుడు ఆ తేదీలోపే తేల్చి చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. కాబట్టి ఏదైనా వస్తే తొందరపడకుండా పోల్చి చూసుకునే వీలుంటుంది. మాస్టర్స్‌కు కూడా కొన్నిచోట్ల దరఖాస్తు చేశాను, కానీ చాలా చోట్ల వాటికి ఆర్థిక సహాయం దొరకదు, ఆ లెక్క వేరే.

ఇప్పుడు నీ సంగతి. నీ గడువులు ఇంకా ఉన్నాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నువ్వు పంపిన ఎస్.ఓ.పి. ముసాయిదాలో మొదటి పేరా అంతా చిన్నప్పటి నుంచి విద్యుత్తు అంటే ఆసక్తి అన్న మాటలే. అది తీసేయి. నీ పవర్ కన్వర్టర్‌కు లెక్క ప్రకారం 97 శాతం దక్షత రావాలి, కొలిస్తే 94 వచ్చింది. దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో దాటేశావు. 500 వాట్ల ఇన్‌పుట్ మీద అది 15 వాట్లు! ఆ 15 వాట్లు ఎక్కడ వేడిగా మారుతున్నాయో వెతికిన కథే నీ రెండవ పేరా కావాలి. స్విచింగ్ నష్టం పౌనఃపున్యంతో పెరుగుతుంది, వాహక నష్టం విద్యుత్ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి ఒక్కోదాన్ని మార్చి చూసి విడదీయవచ్చు. అయితే పౌనఃపున్యం తగ్గిస్తే ఇండక్టర్‌లో రిపుల్, అంటే ప్రవాహపు హెచ్చుతగ్గు, పెరిగి కోర్ నష్టం కూడా మారుతుంది గనుక ఆ ఒక్క పరీక్షతో సరిపెట్టకు. నువ్వు ఇది ఇప్పటికే చేశావని నాకు తెలుసు, నీ నోటు పుస్తకంలో ఉంది. చేసిన పనిని ఎందుకు దాస్తావు?

సిఫారసు రాసేవాళ్లకు కూడా ఆ పేజీల ప్రతి ఇవ్వు. "కష్టపడే విద్యార్థి" అని ఎవరైనా రాస్తారు, నష్టాలను ఎలా విడదీశావో దగ్గర నుంచి చూసినవాళ్లే రాయగలరు. మన ప్రయోగశాల సర్ అయితే తప్పక... ఆయన గురించి నీకు వేరే చెప్పాలి, అదొక పెద్ద కథ.

ఇక్కడ లైట్లు ఆర్పుతున్నారు, ఆపేస్తున్నాను. మార్చిన రెండవ పేరా ఆదివారం లోపు పంపు, ఆ రాత్రే చదివి జవాబు రాస్తాను. కొలతల పట్టిక కూడా జతచేయి, ఉష్ణోగ్రత కాలమ్‌తో సహా.

నీ మిత్రుడు