నెదర్లాండ్స్‌లోని టెసెల్ దీవిలో మా నాన్నగారిని ఆదుకున్నవాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. మే నెలలో మా నాన్నగారికి దెబ్బ తగిలిందని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు. ఆయన ఇప్పుడు బాగున్నారు. కట్టు విప్పేశారు, బందరు చేరుకున్నారు. కుడిచేత్తో అన్నం కలుపుకుని తిన్నానని నిన్న ఫోన్లో చెప్పారు. ఆ మాట చెవిన పడ్డాకే నాకు ఇది రాయడానికి మనసొప్పింది.

మా ఇల్లు బందరులో వలందపాలెం. వలందావాళ్ళంటే డచ్చివాళ్ళే. 1605లోనే మా ఊరొచ్చి వర్తకం పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. నాన్నగారు బళ్ళో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్వేన్‌లో మా ఇంటికొచ్చిన రెండో రోజే, "ట్యూలిప్ తోటలు తర్వాత చూద్దాంలే గానీ, వాళ్ళ ఓడలు ఎక్కణ్ణుంచి బయల్దేరేవో అక్కడికి తీసుకెళ్ళవే అమ్మా" అన్నారు. అలా వెళ్ళాం టెక్సెల్‌కి. రాయడం టెక్సెల్ అని రాస్తారు, అక్కడివాళ్ళు మాత్రం టెసెల్ అంటారు. రైల్లో డెన్ హెల్డర్ దాకా వెళ్ళి ఓడెక్కితే ఇరవై నిమిషాలు.

ఆ దీవికి తూర్పున ఔదెస్ఖిల్ట్ అనే చిన్న రేవు ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆ ఎదురుగా నీళ్ళలో లంగరేసుకుని, గాలి అనుకూలించేదాకా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి కాచుకునేవట. అక్కడి కాప్ స్కిల్ మ్యూజియంలో ఆ ఓడల రేవంతా బొమ్మలుగా పేర్చి పెట్టారు. నాన్నగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. ప్రయాణానికి మంచినీళ్ళు దగ్గర్లోని బావులనుంచే నింపుకునేవాళ్ళు. ఇనుము కలిసిన నీళ్ళు కావడంతో పీపాల్లో చాలాకాలం పాడవకుండా ఉండేవి. ఆ నీళ్ళు అమ్మిన డబ్బు డెన్ బుర్గ్‌లోని అనాథ పిల్లల ఆశ్రమానికి వెళ్ళేది. ఇది విని నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు.

అమ్మని రేవు దగ్గర బెంచీ మీద కూచోబెట్టి, మేమిద్దరం సైకిళ్ళు అద్దెకు తీసుకుని సముద్రపు కట్ట వెంట బయల్దేరాం. ఇక్కడ తప్పు నాదే. అద్దె సైకిళ్ళలో చాలావాటికి పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. నాకు తెలుసు, చెప్పడం మర్చిపోయాను. నలభై ఏళ్ళు సైకిలు మీదే బడికెళ్ళిన మనిషి, అలవాటు కొద్దీ కాళ్ళు వెనక్కి తిప్పారు. గొర్రెలు దాటిపోకుండా పెట్టిన గేటు దగ్గర బండి ఉన్నపళంగా ఆగిపోయింది. కుడిచెయ్యి ఆనించి పడ్డారు. నా కళ్ళముందే మణికట్టు ఉబ్బిపోయింది. ఈదురుగాలిలో నా కేక నాకే వినపడలేదు.

కానీ ఒకావిడకి వినపడింది. డెబ్బై ఏళ్ళుంటాయేమో, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో గొర్రెపిల్లకి పాలు పట్టే సీసా. సీసా గడ్డిలో పెట్టి పరిగెత్తుకొచ్చారు. ముందు నాన్నగారి భుజం కింద చెయ్యేసి నెమ్మదిగా కూచోబెట్టారు. ఇంట్లోంచి నీలం గళ్ళ తువ్వాలు తెచ్చి, మూలమడత పెట్టి, మెడకి వేలాడదీసి చెయ్యి కదలకుండా కట్టారు. మోచేతి మీద ఇసుక కడిగేటప్పుడు, బళ్ళో పడిన పిల్లాడికి ఊదినట్టు ఊదుతూ కడిగారు. నాన్నగారికి డచ్చి రాదు, ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ పది నిమిషాలు నేను మధ్యలో మాట మార్చి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఊరి డాక్టరుకి ఫోన్ చేసింది ఆవిడే. వాళ్ళబ్బాయి కారు తీసి మమ్మల్ని అక్కడ దింపి, మళ్ళీ రేవుకెళ్ళి అమ్మని వెతికి తీసుకొచ్చారు. "పసుపుపచ్చ చీర" అని ఒక్క గుర్తు చెప్పానంతే. సైకిళ్ళు కూడా ఆయనే అప్పగించొచ్చారు. దీవిలో పెద్దాసుపత్రి లేదు. డాక్టరుగారు చెయ్యి చూసి ఉత్తరం రాసిచ్చి, డెన్ హెల్డర్ ఆసుపత్రికి ముందుగానే కబురు పెట్టారు.

తిరుగు ప్రయాణంలో మేమెక్కిన ఓడ పేరు "డాక్టర్ వాగెమాకర్". ఆయనెవరని ఆ నొప్పిలోనూ నాన్నగారే అడిగారు. ఓడలో పనిచేసే అబ్బాయి మాకు లిఫ్టు పక్కన సీటు చూపించి, నిలబడి చెప్పాడు: దీవిలో వైద్యం చేసిన డాక్టరట. అప్పటి ఓడ కంపెనీ ఛార్జీలతో జనం విసిగిపోతే, 1907లో దీవివాళ్ళందరి చేత వాటాలు కొనిపించి సొంతంగా ఓడ నడిపించాడట. ఇప్పటికీ ఆ కంపెనీ వాటాదారుల్లో ఎక్కువమంది దీవివాళ్ళే. "మంచి డాక్టరు ఓడే ఎక్కించావు" అని నాన్నగారు అప్పుడు మొదటిసారి నవ్వారు.

ఎముక చిట్లిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆసుపత్రి నుంచి బయటపడేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మన తెలుగు గ్రూపులో పెట్టిన ఒక్క మెసేజ్ చూసి, మేమెవరో కూడా తెలియని నెల్లూరు తమ్ముడొకరు ఆల్క్‌మార్ నుంచి కారేసుకొచ్చారు. డబ్బాలో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. నాన్నగారికి అమ్మ కారులోనే తినిపించింది. ఇంటిదాకా దింపి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. మా ఇంట్లో నీకు భోజనం బాకీ ఉంది.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సైకిలు తీసుకునేటప్పుడు చేతి బ్రేకు ఉన్నదే అడగండి. వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్సు నంబరు ఫోన్లో పెట్టుకోండి. మాది అమ్మ పెట్టె అడుగున, ఇంట్లో ఉండిపోయింది.

గళ్ళ తువ్వాలు మా దగ్గరే ఉంది. నాన్నగారు వెళ్ళేముందు ఎడమచేత్తో ఉతికి, ఇస్త్రీ చేయించి పెట్టారు. దాంతోపాటు ఇవ్వమని ఆవిడకి పెడన కలంకారీ దుప్పటి పంపించారు. ఒకప్పుడు ఆ ఓడల్లో మా వైపునుంచి వెళ్ళిన సరుకు అదేగా. వచ్చే శనివారం నేను మళ్ళీ ఓడెక్కుతున్నాను. ఇంటి నంబరు రాసుకోలేదు గానీ, గేటు గుర్తుంది.