కొండను చెక్కకండి, కాలిబాట వేయండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విశాఖపట్నంలోని తెన్నేటి పార్కు నుంచి భీమిలి దాకా, సముద్రాన్ని విడవకుండా, కొండల మీదుగా మనిషి నడిచే దారి ఒకటి కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం అది. సిమెంటు పరచనక్కర్లేదు. మట్టిబాట చాలు. నిటారుగా ఉన్నచోట రాతిమెట్లు, దారి తప్పకుండా రాళ్ల మీద సున్నం గుర్తులు, అక్కడక్కడా నీడ, తాగేనీళ్లు ఉంటే చాలు.

బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. పదిహేనేళ్లుగా ఆదివారం తెల్లవారుజామున నలుగురైదుగురం ఆడవాళ్లం కలిసి ఈ తీరం వెంట నడుస్తున్నాం. రుషికొండ దాటాక మా నడక ఎలా ఉంటుందో చెబుతాను. ఎడమవైపు కొండ, కుడివైపు సముద్రం, మధ్యలో తారురోడ్డు అంచున ఒకరి వెనక ఒకరం మేము. వెనక హారన్ మోగినప్పుడల్లా మాటలు ఆపి తుప్పల్లోకి దిగుతాం. ఒకసారి వేగంగా వచ్చిన మోటారుసైకిలు అద్దం మా స్నేహితురాలి ముంజేతికి తగిలి గాజులు చిట్లిపోయాయి. దెబ్బ చిన్నదే. ఆమె మాత్రం మళ్లీ నడకకు రాలేదు.

నడక మన ఊరివాళ్లకు కొత్తది కాదు. ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం కొండ కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షలాది మంది 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు. చెప్పులు లేకుండా నడిచే ముసలివాళ్లను, చంకలో పిల్లతో నడిచే తల్లులను నేను చూశాను. ఆ ఒక్కరాత్రి ప్రభుత్వం వాహనాలను మళ్లిస్తుంది, వీధివీధినా మజ్జిగ, పులిహోర పంచుతారు, ఊరంతా నడిచేవాడికి దారి ఇస్తుంది. మిగతా రోజుల్లో ఆ మర్యాదలో ఓ చిన్న పాలు చాలు మాకు.

ఈ తీరంలో ఏముందో మీకు తెలియదని కాదు. కారులో వెళ్తే అరగంటలో వెనక్కి పోయేవే నడిస్తే ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. తెన్నేటి పార్కు కింద నల్లటి బండల మీద కెరటం విరిగే చప్పుడు కారు అద్దంలోంచి వినిపించదు. మంగమారిపేట దగ్గర కెరటాలు తొలిచిన రాతి తోరణం కిందికి ఆటు సమయంలోనే వెళ్లగలం. అక్కడ ఆటుపోట్ల వేళలు రాసిన బోర్డు రోజూ పెడితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. ఏ వేళకు నీరు ఎక్కుతుందో ఆ ఊరి మత్స్యకారులు నోటిలెక్కతో చెబుతారు, బోర్డు రాసే పని వాళ్లకే ఇవ్వండి.

తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. 1970లలో నౌకాదళం ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన బౌద్ధక్షేత్రం అది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలతోపాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే కొండకు పేరయ్యాయి. వానాకాలం చివర ఓ తొట్టి అంచున కూర్చుని చూడండి. కింద తొట్టిలో ఆకుపచ్చని నీళ్లు, ఎదురుగా విల్లులా వంగిన సముద్రం. ఓడ ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు కనిపించేది ఇక్కడికే. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో బడిలో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు అర్థం కాలేదు, ఒకసారి పైకి తీసుకొస్తే నేను చెప్పకుండానే అర్థమైంది. ఇప్పుడు ఆ కొండ ఎక్కాలంటే ఘాట్ రోడ్డు మీద కార్ల పొగలోనే ఎక్కాలి.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున పోసింది. వేల ఏళ్లలో ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు తుప్పుపట్టి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత వేశాయి. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. వాన కోసిన గెడ్డల్లోకి, అంటే లోతైన వాగుల్లోకి దిగితే రెండుపక్కలా ఎర్రటి గోడలు, పైనుంచి వేలాడే జీడిమామిడి వేళ్లు. గోడను వేలితో రుద్దితే పిండిలా రాలుతుంది. అలాంటి గోడల మీద తాళంచెవులతో చెక్కిన పేర్లు వరసగా కనిపిస్తాయి. మొదటి వానకు ఆ అక్షరం చిన్న కాలువ అవుతుంది, తర్వాతి వానలకు పెళ్లే ఊడిపడుతుంది. తన పేరు చెక్కుతున్న కుర్రవాణ్ణి ఒకసారి ఆపి ఈ మాటే చెప్పాను. ‘ఎవరూ చెప్పలేదండీ’ అన్నాడు, సిగ్గుపడ్డాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఓ మనిషిని పెట్టాలి కదా!

భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం ప్రతిపాదించే స్థలాల యునెస్కో తాత్కాలిక జాబితాలో మన దేశం నుంచి చేరిన ఏడు సహజ స్థలాల్లో ఇవీ, మన తిరుమల కొండలూ ఉన్నాయి. అదే జాబితాలో కేరళలోని వర్కల కొండచరియ కూడా ఉంది. అక్కడ నడిచాను కాబట్టి ఆ సంగతీ చెబుతాను. చరియ అంచు వెంట సన్నని బాట. ఒకపక్క నిలువుగా కిందికి అరేబియా సముద్రం, ఇంకోపక్క దుకాణాలు, భోజనశాలలు. కింద పాపనాశం తీరంలో పిండాలు పెట్టేవాళ్లు, పైన ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన యాత్రికులు. ఎన్నో కుటుంబాలకు ఆ బాటే బతుకుతెరువు. అయితే పైన లేటరైటు అనే ఎర్రరాయి, దాని కింద మెత్తటి ఇసుకరాయి, బంకమన్ను ఉన్న చరియ అది. కట్టడాలు అంచుదాకా వచ్చేశాయి, వానలు పడితే పెళ్లలు విరిగిపడుతున్నాయి. వర్కల నుంచి బాటను తెచ్చుకుందాం, బాట పక్కన కట్టడాలను తెచ్చుకోవద్దు. మన దిబ్బలు ఆ చరియ కన్నా మెత్తనివి.

అందుకే దిబ్బల్లోకి ఒకే దారి ఉండాలని, గెడ్డల పైన చెక్కబాట మీద నిలబడి చూసే ఏర్పాటు చేయాలని, వానలు పడ్డ రోజుల్లో లోపలికి వెళ్లనివ్వకూడదని కోరుతున్నాను. చుట్టుపక్కల పల్లెల యువతకు శిక్షణ ఇచ్చి వాళ్లనే వెంట పంపండి. దిబ్బల పక్కన 2024లో యంత్రాలతో నేల చదును చేస్తే జనం, పత్రికలు అడ్డుపడ్డాకే ఆగింది. ఈసారి మా గొంతు కంటే ముందు మీ హద్దురాయి ఉండాలి.

కైలాసగిరి మీద గాజు వంతెన వచ్చింది. పిల్లలు సంబరపడుతున్నారు, నాకూ సంతోషమే. కాని దాని మీద ఒక మనిషి గడిపేది కాసేపు. కాలిబాట మీద నడిచేవాడు ఒక పూటంతా గడుపుతాడు. జోడుగుళ్లపాలెంలో టీ తాగుతాడు, మంగమారిపేటలో ముంజలు కొంటాడు, భీమిలిలో డచ్చివారి సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఏ పాకహోటల్లోనో చేపలకూరతో అన్నం తింటాడు. ఆ డబ్బు ఆ ఊళ్లలోనే మిగులుతుంది.

భోగాపురం విమానాశ్రయం వైపు తీరం వెంట పెద్ద రోడ్డు వేయాలన్న మాట చాలాకాలంగా వింటున్నాం. రోడ్డు గీత గీసే ముందే కాలిబాట గీత గీయించండి, తర్వాత దానికి చోటు మిగలదు. నౌకాదళం స్థలం దగ్గర దారి పక్కకు తప్పుకోవాల్సిందే, అది వాళ్లతో కూర్చుని తేల్చుకోగల విషయం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దగ్గర రాత్రి దీపాలు వద్దు. ఆడవాళ్లకు మరుగుదొడ్లు తొట్లకొండ దగ్గర ఒకటి, దిబ్బల దగ్గర ఒకటి, తాళాలు వేయకుండా, నీళ్లు ఉండేలా చూడండి. ఇవి లేకనే చాలామంది మా వెంట రారు.

ఒక ఆదివారం ఉదయం అయిదున్నరకు మీరు తెన్నేటి పార్కు దగ్గరికి రండి. వెంట కాన్వాయ్ వద్దు, మీ ఇంజినీరును, పురావస్తు శాఖ అధికారిని తీసుకురండి. కాళ్లకు మెత్తటి బూట్లు వేసుకోండి. నీళ్లు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు మేము తెస్తాం. తొట్లకొండ ఎక్కి, దిబ్బలు చూసి, మధ్యాహ్నానికి భీమిలి చేరదాం. తిరుగు ప్రయాణం 900కె బస్సులో.

ఇట్లు,
విశాఖ తీరం వెంట నడిచే ఒక పౌరురాలు