దేశీ పూల తోటకు మన క్లబ్ సహకారం – ఆదివారం విత్తనాలు వేస్తున్నాం

సభ్యులందరికీ నమస్కారం.

మృగశిర కార్తె వచ్చింది, నేల తడిసింది కాబట్టి పాలమూరులోని మన కాలనీ పార్కు తూర్పు వైపు ఖాళీ స్థలంలో దేశీ పూల తోట పనిని వచ్చే ఆదివారం ఉదయం 6:30కు మొదలుపెడుతున్నాం. కంచె ఖర్చు క్లబ్ నిధి నుంచి ఇస్తున్నందున ఎవరూ డబ్బు ఇవ్వనవసరం లేదు. మీ నుంచి కావలసింది విత్తనాలు, రెండు గంటల శ్రమ మాత్రమే.

తంగేడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పేర్చేందుకు ఆ పూల కోసం ఏటా ఊరి బయటి గుట్టల దాకా వెతుక్కుంటూ వెళ్తున్నాం. అది మన పార్కులోనే పూయాలని నా గట్టి కోరిక. దాని ఆకులు కొన్ని జాతుల సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఆహారం కనుక, ఆకులు కొరికినట్టు కనిపించినా దయచేసి మందు కొట్టకండి.

తంగేడు గింజల పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి, మీ దగ్గరున్నవాటిని శనివారం రాత్రి మరిగించి దించిన నీళ్లలో వేసి తెల్లవారేదాకా నాననిచ్చి తీసుకురండి. బతుకమ్మలో పేర్చే మరో పువ్వు గునుగు గింజలు చాలా సన్నవి, వాటిని నానబెట్టకుండా పొడి ఇసుకలో కలిపి తెస్తే పైపైన సమంగా చల్లవచ్చు.

ముందుగా వయ్యారిభామ అనే కలుపు మొక్కను పూతకు రాకముందే వేళ్లతో సహా పీకాలి. అది చర్మానికి దురద తెస్తుంది, అందువల్ల చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండి విత్తనాలు చల్లడంలో సాయపడగలరు.

వచ్చేవారు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు, తెచ్చే విత్తనం రాయండి. తాగునీటి సీసా మరవకండి.