ఆ సంతకం సంగతి

చిన్నా,

నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది. మీ అమ్మ ఏది అడిగినా బొటనవేలు బొమ్మ పంపుతున్నావంట, ఆమేమో దానికి అర్థం ఏందని నన్నడుగుతుంది. ఇక్కడ అందరం బాగున్నాం. ఒంగోల్లో ఎండలు మాడ్చేస్తున్నాయి. పెద్దమ్మ మోకాలి ఆపరేషన్ వద్దని మళ్ళీ మొండికేసింది. బుజ్జి కూతురికి అక్షరాభ్యాసం అయింది. పనిగట్టుకుని రాస్తున్నానని అనుకోవద్దు, ఊరికే నాలుగు ముక్కలు.

మొన్న కావలి బాబాయి వచ్చి, మాటల్లో మాటగా, అమెరికాలో నీ షాపు ఇన్సూరెన్స్ రెన్యువల్లో టెర్రరిజం కవర్, అదే ఉగ్రవాద దాడుల నష్టానికిచ్చేది, వద్దని సంతకం పెట్టావంట అన్నాడు. నిజమా? కాకపోతే మిగతాది చదవక్కర్లేదు.

ఎదురింటి మామయ్యను అడిగాను, ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసినాయన కదా. 2001 సెప్టెంబర్ 11 తర్వాత, ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చే పెద్ద కంపెనీలు ఈ రిస్కు మావల్ల కాదని తప్పుకున్నాయంట. మన దగ్గర 2002 ఏప్రిల్‌లో కంపెనీలన్నీ కలిసి ఒక పూల్, అంటే ఉమ్మడి నిధి, పెట్టుకుంటే దాన్ని సర్కారు కంపెనీ జీఐసీ నడుపుతోంది. మీ దగ్గర అదే ఏడాది నవంబర్‌లో చట్టమే తెచ్చారు. కంపెనీలు ఈ కవర్ ఇస్తామని చెప్పి తీరాలి, తీసుకునేదీ మానేదీ వ్యాపారి ఇష్టం. ఘోరం జరిగి నష్టం మరీ పెద్దదైతే, కంపెనీ తన వాటా భరించాక మిగతాదాంట్లో 80 శాతం ప్రభుత్వమే పెట్టుకుంటుంది. సర్కారు వెనక నిలబడి ఇస్తుంటే వద్దనడమేందిరా?

నువ్వు అనబోయేదీ నాకు తెలుసు. ఎడిసన్‌లో పప్పూ బియ్యం అమ్ముకునే కొట్టు మీద ఎవడు బాంబేస్తాడు నాన్నా అంటావు. అక్కడి ఆర్థిక మంత్రి ఇప్పటిదాకా ఒక్క ఘటనను కూడా ఆ చట్టం కింద ఉగ్రవాద దాడి అని సర్టిఫై చేయలేదంట, 2013లో బోస్టన్ మారథాన్ బాంబులకు కూడా. ఇదీ మామయ్యే చెప్పాడు, నీ తరఫు వకీలులాగా. సరే, ఒప్పుకున్నాను. కానీ పక్క బిల్డింగ్‌లో పేలితే పగిలేది నీ అద్దాలు కాదా?

2010లో లైలా తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, కరెంటు లేక పెట్రోమాక్స్ లైటు పెట్టుకున్నాం. మన గోడౌన్లో కందుల బస్తాలు. అంతకు ముందు రెన్యువల్లో ఏజెంటు, తుఫాను వరద కవర్ తీసేస్తే ప్రీమియం తగ్గుద్ది సార్ అన్నాడు. సముద్రం మన గోడౌన్ దాకా వస్తుందా అని నవ్వి, తీసేయమని రాసిచ్చాను. మిగిలిన డబ్బుకు ఇంకొంత వేసి నీకు ఆ ఎర్ర సైకిల్ కొన్నాం. సముద్రం రాలేదు, వాన వచ్చింది. మోకాటిలోతు నీళ్ళలో నేనూ మీ బాబాయీ బస్తాలు పైకి ఎత్తుతుంటే కుట్లు ఊడి కందులన్నీ నీళ్ళలో పడేవి. వారానికల్లా మొలకలొచ్చాయి, ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. సర్వేయరు వచ్చి బస్తాలన్నీ లెక్కేసుకున్నాడు, మీ అమ్మ పెట్టిన ఉప్మా తిన్నాడు, మంచివాడే పాపం. ఆ తర్వాత పాలసీ తిప్పి నా సంతకం చూపించాడు. మీ అమ్మ గాజులు ఎందుకు బ్యాంకుకు వెళ్ళాయో నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దన్నది ఆమే.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను. ఆ చట్టం గడువు 2027 డిసెంబర్ 31 దాకానేనంట, పొడిగిస్తారో లేదో ఏజెంటును ఇప్పుడే అడిగిపెట్టుకో. పనివాళ్ళ ఇన్సూరెన్స్‌లో మాత్రం ఈ కవర్ తీసేయడం కుదరదంట, అదొకటి నయం. కొట్టు కట్టేశాక ఒక్కడివే డబ్బు పట్టుకుని కారు దాకా నడవద్దు. రాత్రిపూట పెరుగన్నం మానేశావని కోడలు చెప్పింది, కడుపులో మంట అందుకే.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. డబ్బుకు ఇబ్బందై మానేశావా? ఫోన్ చేయనిదీ అందుకేనా? కందులు పోయిన ఏడు నేనూ మీ తాతయ్యకు ముఖం చూపించలేదు.

ఆ కాగితం ఫోటో తీసి పంపు, మామయ్య కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. మీకు శనివారం రాత్రి పదయితే మాకు ఆదివారం పొద్దున ఏడున్నర, అప్పటికి కాఫీలయిపోతాయి. బొటనవేలు బొమ్మ మాత్రం పంపొద్దు.

నాన్న